ఎప్పుడు పడిందో చూస్తే ఎందుకు పడిందో తెలుస్తుంది

ధనుర్మాసం చలి. తెల్లవారకముందే బాత్రూములో గీజర్ వేశారు. వంటింట్లో ఇండక్షన్ స్టవ్ మీద పాలు కాగుతున్నాయి. హాల్లో ఎవరో స్కూలు యూనిఫారం ఇస్త్రీ చేస్తున్నారు. పావుగంట సేపు అన్నీ బాగానే నడిచాయి. తర్వాత టక్కుమని బోర్డులో ఎంసీబీ మీట కిందికి పడింది. వెంటనే ఎత్తితే నిలవలేదు, కాసేపు ఆగి ఎత్తితే నిలిచింది.

పక్కింటి సంగతి వేరు. సంపు మోటారు స్విచ్ వేసిన క్షణంలోనే మీట పడుతుంది. పై వాటా వాళ్ళది ఇంకో చిత్రం. వాన కురిసిన రాత్రి, ఇంట్లో ఫ్యాన్లు తప్ప ఏమీ తిరగని వేళ, ఉన్నట్టుండి ఇల్లంతా చీకటవుతుంది.

మూడిళ్ళ వాళ్ళూ ఎలక్ట్రీషియన్‌కి చెప్పే మాట ఒకటే: "బ్రేకర్ పాడైనట్టుంది, కాస్త పెద్దది వేసిపో." ఆ వైద్యం ఈ మూడింటిలో ఏ రోగానికీ పనికిరాదు. మొదటి ఇంట్లో అయితే ప్రమాదం కూడా. బయటికి ఒకేలా కనిపించినా ఆ మీటలను పడగొట్టిన కారణాలు మూడు. ఏది ఏ కారణమో పట్టుకోవడానికి బోర్డు విప్పనక్కర్లేదు. స్విచ్ వేశాక ఎంతసేపటికి పడింది, ఏ మీట పడింది అన్నది గమనిస్తే సగం జవాబు దొరికినట్టే.

బోర్డులో ఎవరి పని ఏమిటి?

• ఎంసీబీ: వేలెడంత వెడల్పున, వరసగా ఉండే చిన్న మీటలు. లైట్లకొకటి, ప్లగ్గులకొకటి, ఏసీకొకటి, ఇలా ఒక్కో లైనుకి ఒక్కోటి. కరెంటు మరీ ఎక్కువైతే ఆపడం వీటి పని. మీద సి16 లాంటి గుర్తు ఉంటుంది. అందులో 16 అంటే 16 ఆంపియర్లు.

• ఆర్‌సీసీబీ: రెండింతల వెడల్పున, పక్కన 'టి' అని రాసిన చిన్న బొత్తాంతో ఉంటుంది. కరెంటు దారి తప్పి నేలలోకి పోతుంటే ఆపడం దీని పని. మీద 30 మిల్లీ ఆంపియర్లు అని ఉంటుంది. మనలో చాలామంది దీన్ని పాత అలవాటుగా ఈఎల్‌సీబీ అంటారు.

• ఐసొలేటర్: ఇంటికంతటికీ మెయిన్ స్విచ్. మనం ఆపితే ఆగుతుంది. దానంతట అది పడదు.

ఒకరి పని ఇంకొకరు చేయలేరు. షాక్ నుంచి మనిషిని ఎంసీబీ కాపాడదు. ఓవర్‌లోడు నుంచి వైరుని ఆర్‌సీసీబీ కాపాడదు.

కాపాడేది వస్తువుని కాదు, వైరుని

గీజర్ పాడవకుండా, ఏసీ కాలిపోకుండా ఎంసీబీ పెట్టారనుకుంటాం. నిజానికి అది గోడలో దాగిన రాగి తీగకు కాపలా. ఏ తీగలో కరెంటు పారినా ఎంతో కొంత వేడి పుడుతుంది. ఆ వేడి కరెంటుతో సమానంగా పెరగదు. కరెంటు రెట్టింపయితే వేడి నాలుగింతలవుతుంది. ఇళ్ళలో వాడే మామూలు పీవీసీ తొడుగు సుమారు 70 డిగ్రీల సెల్సియస్ వరకే నిలకడగా తట్టుకునేలా తయారవుతుంది. అది దాటి రోజూ కాగుతూ పోతే తొడుగు గట్టిపడుతుంది, పెళుసెక్కుతుంది, చివరికి పగుళ్ళిస్తుంది. పైపులో, సిమెంటు వెనకాల జరిగే ఈ పని ఇంట్లో ఎవరికీ కనిపించదు.

అందుకే బ్రేకర్ సైజు వైరు సైజుని బట్టి ఉంటుంది. లైట్లూ ఫ్యాన్లూ ఉన్న ఒకటిన్నర వైరుకి సాధారణంగా 6 లేదా 10 ఆంపియర్ల ఎంసీబీ వేస్తారు. పవర్ ప్లగ్గులకు వెళ్ళే రెండున్నర వైరుకి 16 లేదా 20. ఏసీలకు లాగే నాలుగు వైరుకి 20 లేదా 25. ఒకటిన్నర, రెండున్నర అని ఎలక్ట్రీషియన్లు చెప్పేది తీగ అడ్డుకోత వైశాల్యం, చదరపు మిల్లీమీటర్లలో.

రెండున్నర వైరు మీద 16 పడుతోందని 32 పెడితే మీట పడటం ఆగుతుంది. ఇంట్లో వాళ్ళు బాగయిందనుకుంటారు. జరిగింది మాత్రం వేరు. వైరు భరించలేని కరెంటు కూడా ఇక అడ్డం లేకుండా పారుతుంది. వెనకటి పింగాణీ ఫ్యూజు కట్టలో సన్నటి ఫ్యూజు తీగ మాటిమాటికీ పోతోందని నాలుగు పోగుల రాగి తీగ మెలిపెట్టి చుట్టేవాళ్ళు. ఫ్యూజు పోవడం ఆగేది, వైరింగు కాలేది. సామాను మారింది గానీ ఆ పొరపాటు ఇంకా మారలేదు.

నిదానంగా పడితే: వేడి లెక్క

ఎంసీబీ లోపల రెండు వేర్వేరు ఏర్పాట్లున్నాయి. ఒకటి నిదానంగా, ఇంకొకటి రెప్పపాటులో పనిచేస్తుంది. ఈ రెంటినీ కలిపిన చిన్న బ్రేకర్‌కి జర్మనీలోని మాన్‌హైమ్‌లో హ్యూగో స్టాట్జ్ 1924లో పేటెంటు పొందాడు. మన బోర్డులో ఉన్నది దాని వారసురాలే.

నిదానంగా పనిచేసేది రెండు వేర్వేరు లోహాలను అతికించి చేసిన బద్ద. వేడెక్కితే ఒక లోహం ఎక్కువ సాగుతుంది, ఇంకోటి తక్కువ. సాగుడులో తేడా వల్ల బద్ద ఒక పక్కకి వంగుతుంది. లైనులో పారే కరెంటు ఈ బద్ద గుండానే పోతుంది. కరెంటు ఎక్కువైన కొద్దీ బద్ద వేడెక్కి వంగి, చివరికి లోపలి కొక్కేన్ని తోస్తుంది. స్ప్రింగు విడివడి మీట పడుతుంది.

ఇప్పుడు మొదటి ఇంటికి లెక్క వేద్దాం. మన సరఫరా 230 వోల్టులు. 2000 వాట్ల గీజర్ దాదాపు 9 ఆంపియర్లు తీసుకుంటుంది. 2000 వాట్ల ఇండక్షన్ స్టవ్ ఇంకో 9. వెయ్యి వాట్ల ఇస్త్రీ పెట్టె 4 పైచిలుకు. ఈ మూడూ ఒకే 16 ఆంపియర్ల లైను మీద ఉంటే మొత్తం 22 దాకా వస్తుంది. అంటే వైరులో ఉండాల్సిన దానికంటే దాదాపు రెట్టింపు వేడి.

మరి స్విచ్ వేయగానే ఎందుకు పడలేదు? కొద్దిపాటి అధిక కరెంటుతో వైరు క్షణాల్లో కాలిపోదు, బ్రేకరూ తొందరపడదు. దాని ప్రమాణాలే అలా రాశారు. ఉండాల్సిన కరెంటుకి 1.13 రెట్ల వరకు గంట సేపైనా పడకూడదు. 1.45 రెట్లయితే గంటలోపు పడి తీరాలి. రెండున్నర రెట్లు దాటితే నిమిషంలోపే పడాలి. మనింటి 22 ఆంపియర్లు 16కి దాదాపు 1.4 రెట్లు, అంటే పడకూడని హద్దుకీ పడితీరాల్సిన హద్దుకీ నడుమ. పైగా కాగిన ఇస్త్రీ పెట్టె తనంతట తానే ఆగుతూ వెలుగుతూ ఉంటుంది. "ఒక్కోరోజు పడుతుంది, ఒక్కోరోజు పడదు" అనే ఫిర్యాదు పుట్టేది ఇక్కడే. అందులో మర్మమేమీ లేదు, హద్దు మీద నడుస్తున్న లైను అది. వెంటనే ఎత్తితే నిలవకపోవడానికీ కారణం ఆ బద్దే. అది చల్లారి మళ్ళీ తిన్నగా అయ్యేదాకా కొక్కెం పట్టదు.

ఎండాకాలం ఈ లెక్క ఇంకాస్త బిగుసుకుంటుంది. బద్దను 30 డిగ్రీల వాతావరణానికి సరిచూసి తయారు చేస్తారు. రోహిణి కార్తెలో పడమటి గోడమీది బోర్డు లోపల అంతకు మించిన వేడి ఎప్పుడూ ఉంటుంది. బద్ద అప్పటికే కొంత వంగి ఉండటంతో తక్కువ కరెంటుకే మీట పడుతుంది.

లోడు ఎక్కువ లేకపోయినా నిదానంగా పడుతుంటే అనుమానించాల్సింది వదులైన స్క్రూని. వైరు కొన సరిగ్గా బిగుసుకోకపోతే ఆ అతుకు దగ్గర కరెంటుకి ఇరుకు దారి ఏర్పడి అక్కడే వేడి పుడుతుంది. ఆ వేడి పక్కనున్న బద్దను చేరుతుంది. బద్దకు ఆ వేడి ఓవర్‌లోడుదా, వదులు స్క్రూదా తెలియదు. బోర్డు మూత ఒకచోట గోధుమరంగుకి తిరగడం, ప్లాస్టిక్ కమిలిన వాసన దీని గుర్తులు. ఇది బ్రేకర్ మారిస్తే పోదు. కొత్తదాన్ని కూడా వదులుగా బిగిస్తే నెలలో అదే కథ.

వేసిన క్షణంలోనే పడితే: అయస్కాంతం పని

రెండో ఏర్పాటు ఒక తీగచుట్ట. కరెంటు పారే చుట్ట అయస్కాంతంలా పనిచేస్తుంది. మామూలు కరెంటుకి దాని బలం చాలదు. ఫేజు, న్యూట్రల్ నేరుగా కలిసిపోయి షార్ట్ అయితే వందల, ఒక్కోసారి వేల ఆంపియర్లు ఎగదన్నుతాయి. అప్పుడు చుట్ట లోపలి ఇనుప కడ్డీని ఒక్క ఊపున లాగి కొక్కేన్ని కొడుతుంది. సెకనులో వందో వంతు లోపే పని ముగుస్తుంది. విడిపోయిన కొసల మధ్య మెరుపు పుడుతుంది. దాన్ని వరసగా పేర్చిన లోహపు రేకుల్లోకి మళ్ళించి ముక్కలు చేసి ఆర్పుతారు. ఎంసీబీ మీద చిన్న గడిలో కనిపించే 10000 అంకె ఇలా ఆపగల గరిష్ఠ కరెంటుకి గుర్తు.

ఈ అయస్కాంతం ఎంతకు కదలాలన్నదే బి, సి, డి అనే అక్షరాలు చెబుతాయి. బి రకం 3 నుంచి 5 రెట్ల మధ్య, సి రకం 5 నుంచి 10, డి రకం 10 నుంచి 20 రెట్ల మధ్య పడుతుంది. ఇంత తేడా మోటార్ల కోసం. ఆగి ఉన్న మోటారు తిరగడం మొదలుపెట్టే క్షణంలో మామూలు కంటే 5 నుంచి 7 రెట్ల కరెంటు లాగుతుంది. వేగం అందుకోగానే తగ్గిపోతుంది. సంపు మోటారు లైనుకి బి రకం తగిలించి ఉంటే ఏ దోషమూ లేకుండానే మీట పడొచ్చు. అదే సైజులో సి రకం పెడితే సరిపోతుంది. అంటే కొన్నిసార్లు మార్చాల్సింది అంకెను కాదు, అక్షరాన్ని.

అయితే నిన్నటిదాకా నడిచిన మోటారు ఇవాళ పడగొడుతుంటే వేరే చోట వెతకాలి. గుయ్‌మని మూలుగుతూ తిరగకుండా ఉండి, కొన్ని సెకన్లకు మీట పడితే తరచుగా దోషి దాని కెపాసిటర్. తిరగలేని మోటారు ఆ తొలి కరెంటునే లాగుతూ కూర్చుంటుంది. పొలాల మోటార్లన్నీ ఒకేసారి నడిచే వేళ పల్లెల్లో వోల్టేజీ పడిపోయినా ఇదే జరుగుతుంది. వోల్టేజీ చాలక మోటారు వేగం అందుకోలేదు, కరెంటు మాత్రం ఎక్కువే తాగుతుంది. చప్పుడు లేకుండా, వేసిన మరుక్షణమే పడితే మోటారు చుట్టలోనో, నీళ్ళు దిగిన వైరు అతుకులోనో షార్ట్ ఉందని అనుమానించాలి.

వానకు పడితే: మిల్లీ ఆంపియర్ల లెక్క

మూడో ఇంట్లో పడింది ఎంసీబీ కాదు, వెడల్పాటి ఆర్‌సీసీబీ. దానికి కరెంటు ఎంతన్నది పట్టదు. వెళ్ళింది వెళ్ళినట్టు తిరిగొచ్చిందా అన్నదే దాని పట్టింపు.

పొద్దున్నే మందను తోలుకెళ్ళేటప్పుడు కాపరి పశువులను లెక్కపెట్టుకుంటాడు, సాయంత్రం దొడ్లోకి తోలేటప్పుడు మళ్ళీ లెక్కపెడతాడు. మంద పదిదా, వందదా అన్నది ఆయనకు బెంగ కాదు. ఒక్కటి తగ్గినా ఎవరి చేలోనో పడిందని అర్థం. ఆర్‌సీసీబీ చేసేది అచ్చంగా ఇదే. ఫేజు తీగ, న్యూట్రల్ తీగ రెండూ ఒక లోహపు ఉంగరంలోంచి వెళతాయి. పోయే కరెంటు, వచ్చే కరెంటు సమానమైతే రెండింటి అయస్కాంత ప్రభావాలూ ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. తడిసిన గోడ ద్వారానో, గీజర్ ఒంటి ద్వారానో, మనిషి ఒంటి ద్వారానో కొంత నేలలోకి జారితే తేడా మిగులుతుంది. ఆ తేడా 30 మిల్లీ ఆంపియర్లకు చేరితే 0.3 సెకను లోపే మీట పడాలి.

ఈ అంకె ఎంత చిన్నదో చూడండి. 16 ఆంపియర్లంటే 16,000 మిల్లీ ఆంపియర్లు. 30 దానిలో అయిదు వందల వంతు కూడా కాదు. మనిషి గుండె లయ తప్పడానికి కావలసిన కరెంటు ఎంసీబీ లెక్కల్లోకే రాదు. మనిషి ఎంత కరెంటు వరకు పట్టుకున్న తీగను వదిలించుకోగలడన్న దాన్ని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీలో ఛార్లెస్ డాల్జీల్ ఏళ్ళ తరబడి పరీక్షించాడు. ఆ అనుభవంతోనే 1961లో అమెరికాలో ఇలాంటి రక్షణ సాధనాన్ని రూపొందించాడు. అక్కడి తెలుగువారి ఇళ్ళలో బాత్రూము, వంటిల్లు ప్లగ్గుల మీద కనిపించే టెస్ట్, రీసెట్ బొత్తాలు దాని ఫలితమే. అవి దాదాపు 5 మిల్లీ ఆంపియర్ల తేడాకే పడతాయి.

మన ఇళ్ళలో ఆర్‌సీసీబీని పడగొట్టే వాటిలో ముందు వరసలో ఉండేది గీజర్ ఎలిమెంటు. బోరు నీళ్ళ సున్నం దాని మీద పొరలుగా పేరుకుంటుంది. పొర కింద వేడి బయటికి పోలేక లోహపు గొట్టం చిట్లుతుంది. లోపలి పొడిలోకి తేమ దిగి కరెంటు కారడం మొదలవుతుంది. తర్వాతిది వానకు తడిసే గేటు దీపం, డాబా మీది ప్లగ్గు, స్విచ్ బోర్డుల్లో దూరే చీమలు, బల్లులు. మూడోది కాస్త తికమక పెట్టేది: ఇన్వర్టర్ పెట్టినప్పుడు జరిగే న్యూట్రల్ కలగలుపు. ఒక ఫ్యానుకి ఫేజు ఆర్‌సీసీబీ గుండా వెళ్ళి, న్యూట్రల్ ఇంకో దారిన తిరిగొస్తే, కారుడు ఏమీ లేకున్నా లెక్క తప్పుతుంది. ఇన్వర్టర్ బిగించిన రోజు నుంచీ పడుతోందంటే మొదట చూడాల్సింది ఇదే.

ఒక్కో వస్తువూ మంచిదే అయినా పడే సందర్భమూ ఉంది. కంప్యూటర్లు, వాషింగ్ మెషిన్ల లోపలి ఫిల్టర్లు తలా కొంచెం కరెంటును ఎర్తుకి వదులుతాయి. ఆర్‌సీసీబీ 30 అని రాసి ఉన్నా 15 దాటితే ఎప్పుడైనా పడవచ్చు, అది ప్రమాణాలకు లోబడిన పనే. చిన్న చిన్న కారుళ్ళన్నీ కలిసి ఆ హద్దుకు చేరాక వాన తేమ మిగతాది పూర్తి చేస్తుంది. ఇల్లంతటికీ ఒకే ఆర్‌సీసీబీ కాకుండా లైన్లను రెండు మూడింటికి పంచడం దీనికి మందు.

మీరే చేసి చూడగల పరీక్ష

బోర్డు మూత విప్పకుండా, పొడి చేతులతో, కాళ్ళకు చెప్పులతో చేయాల్సినవి మాత్రమే ఇవి.

1. కాలిన వాసన, నల్లటి మచ్చ, చిటపట చప్పుడు, తడి, వీటిలో ఏది ఉన్నా మీట ఎత్తవద్దు. మెయిన్ ఆపి మనిషిని పిలవండి. బోర్డే తడిసి ఉంటే దాన్ని తాకనే వద్దు.

2. పడింది ఎంసీబీయా, ఆర్‌సీసీబీయా చూడండి.

3. ఎంసీబీ అయితే ఆ లైను మీది వస్తువుల ప్లగ్గులన్నీ పీకేయండి. మీటను పూర్తిగా కిందికి నొక్కి, తర్వాత పైకి ఎత్తండి. అన్నీ పీకినా వెంటనే పడితే దోషం వైరింగులోనో బ్రేకర్‌లోనో ఉంది. నిలిస్తే వస్తువులను ఒక్కొక్కటిగా, మధ్యలో ఆగుతూ పెట్టండి. ఒకటి పెట్టగానే పడితే అదే దోషి. ఏ ఒక్కదానికీ పడక, అన్నీ కలిసినప్పుడే పడితే అది ఓవర్‌లోడు.

4. ఆర్‌సీసీబీ అయితే ఎంసీబీలన్నీ దించి దాన్ని ఎత్తండి. తర్వాత ఎంసీబీలను ఒక్కొక్కటే ఎత్తండి. దేనితో పడుతుందో ఆ లైనులో వెతకండి.

5. రెండుసార్లు ఎత్తినా పడితే మూడోసారి ఎత్తవద్దు.

ఇక్కడ చాలామంది పప్పులో కాలేసే చోటు ఒకటుంది. "గీజర్ స్విచ్ ఆపే ఉంది, అయినా పడింది, కాబట్టి గీజర్ కాదు" అంటారు. గోడ స్విచ్చూ, మామూలు ఒంటి ఎంసీబీయూ తెంచేది ఫేజును మాత్రమే. న్యూట్రల్ అలాగే కలిసి ఉంటుంది. ఎలిమెంటులో న్యూట్రల్ వైపు తేమ దిగి ఎర్తుకి తగిలితే, స్విచ్ ఆపి ఉన్నా ఇంట్లోని మిగతా వస్తువుల కరెంటులో కొంత ఆ దొంగదారిన నేలలోకి పోతుంది. ఆర్‌సీసీబీ పడుతుంది. అందుకే స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్గు పీకాలి. ఎంసీబీలన్నీ దించినా ఆర్‌సీసీబీ నిలవకపోతే ఇలాంటి న్యూట్రల్ దోషమే ఉండే అవకాశం ఎక్కువ. అక్కడి నుంచి అది మెగ్గర్ (తీగ తొడుగులో కారుడుందేమో కొలిచే పరికరం) ఉన్న ఎలక్ట్రీషియన్ పని.

బ్రేకర్ తప్పు అసలే ఉండదా?

ఉంటుంది. స్ప్రింగులు అలిసిపోతాయి, పదేపదే షార్ట్‌లను ఆపిన కొసలు కాలి పాడవుతాయి. అయితే పడే బ్రేకర్‌ కంటే పడాల్సినప్పుడు పడని బ్రేకర్ ప్రమాదం. ఆర్‌సీసీబీ మీది 'టి' బొత్తాం అందుకే. కరెంటు ఉన్నప్పుడు నొక్కితే అది కావాలనే లెక్క తప్పిస్తుంది, మీట పడాలి. నెలకోసారి నొక్కి చూడండి. పడకపోతే ఆ రోజే మార్పించండి. ఈ బొత్తాం మీ ఇంటి ఎర్తింగు బాగుందని మాత్రం చెప్పదు. ఎర్తు సరిగా లేని ఇంట్లో గీజర్‌లో కారుడు మొదలైనా ఆర్‌సీసీబీకి తెలియదు. ఎవరో ఒకరు ముట్టుకున్నాకే తెలుస్తుంది. మూడో పిన్ను తీసేసి రెండు పిన్నుల ప్లగ్గులో దూర్చే అలవాటు చెరిపేసేది ఈ ముందస్తు రక్షణనే.

పాతికేళ్ళ కిందటి ఇళ్ళలో వైరింగు నాలుగు ట్యూబులైట్లు, నాలుగు ఫ్యాన్లు, టీవీ, ఫ్రిజ్ చూసుకుని వేసింది. ఇప్పుడు అదే తీగల మీద గీజర్లు, ఏసీలు, ఇండక్షన్ స్టవ్‌లు నడుస్తున్నాయి. ఓవర్‌లోడుతో పడే ఇంటికి కావలసింది గీజర్‌కీ, ఏసీకీ, వంటింటికీ బోర్డు నుంచి విడివిడిగా లాగిన కొత్త లైన్లు. లోడు బాగా పెరిగితే డిస్కం దగ్గర మంజూరు లోడు పెంచుకోవాలి. ఖర్చు కొత్త బ్రేకర్ కంటే చాలా ఎక్కువే. కానీ ఈ రోగానికి అంతకంటే చౌక మందు లేదు.

ఎలక్ట్రీషియన్‌కి ఫోన్ చేసే ముందు నాలుగు సంగతులు కాగితం మీద రాసి పెట్టుకోండి: పడింది ఏ మీట, స్విచ్ వేశాక ఎంతసేపటికి, అప్పుడు ఏమేం నడుస్తున్నాయి, ఈ మధ్య ఇంట్లో కొత్తగా బిగించిందేమిటి. ఇవి విని కూడా, వైరు సైజు చూడకుండానే పెద్ద బ్రేకర్ తెస్తానంటే, ఇంకో ఎలక్ట్రీషియన్‌ని చూసుకోండి.